ఙ, ఞ, ణ, ళ, ఱలకు బొమ్మలెక్కడ?

సందేహం: మేం కొందరు ఉపాధ్యాయులం కలిసి పిల్లల కోసం అక్షరాల బొమ్మల పుస్తకం తయారుచేస్తున్నాం. ‘అ – అమ్మ, ఆ – ఆవు’ వరసలో కాకుండా తెలుగు నేల చరిత్ర, చెట్లు, పిట్టలు, జంతువులు వచ్చేలా ‘అ – అమరావతి, క – కలివికోడి’ అని కూర్చుకుంటూ వస్తున్నాం. ఙ, ఞ, ణ, ళ, ఱల దగ్గర పని ఆగిపోయింది. వీటితో మొదలయ్యే మాటలు ఉన్నాయా? ‘య’కు యెర్రచందనం, ‘వ’కు వొంటిమిట్ట అని రాశాం. తప్పని కొందరు, పలికేది అలాగే కదా అని కొందరు అంటున్నారు. ‘ఋ’కు ఎలుగుబంటి బొమ్మ వేసి ‘ఋక్షం’ అని రాయవచ్చా? పుస్తకం పేరులో అక్షరమాల అనాలా, వర్ణమాల అనాలా?

సమాధానం: ఙ, ఞ, ణ, ళలతో మొదలయ్యే తెలుగుమాట లేదు. వెతుకులాట ఆపేయండి. ఱ సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

అసలు అక్షరం మాట మొదట్లోనే ఉండాలన్న పట్టుదల ఎందుకు? ఇసుకలో ఓనమాలు దిద్దించిన రోజుల్లో అక్షరానికి బొమ్మ తోడే లేదు. ఇంగ్లీషులో అక్షరం పేరొకటి, పలుకు ఒకటి. ‘డబ్ల్యూ’ అని పేరు నేర్చుకున్న పిల్లకు అది ఎలా పలుకుతుందో చెప్పాలంటే మాటలోని తొలి శబ్దం ఆసరా కావాలి. మనకు ఆ ఇబ్బంది లేదు. ళ పేరు ళ, పలుకూ ళ. మాట నడుమ చూపినా, చివర చూపినా పిల్లలు పోల్చుకుంటారు. కాబట్టి ‘ళ’ కింద తాళపత్రం పెట్టండి. ఒక పక్క తాటిచెట్టు, ఒక పక్క గంటంతో రాసిన ఆకుల కట్ట వేస్తే మీరు కోరుకున్న ప్రకృతి, చరిత్ర రెండూ ఒకే పుటలోకి వస్తాయి. మాటలో ళను మాత్రం వేరే రంగులో అచ్చు వేయించండి. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం కూడా ఈ అక్షరానికి బాగుంటుంది.

ఇక ఙ, ఞ. ఈ రెండింటినీ చాలా పుస్తకాలు ఉత్తి గళ్ళుగా వదిలేస్తాయి. అది అన్యాయం. మనం రోజూ పలుకుతూనే ఉన్నాం, కాకపోతే సున్న చాటున దాచి రాస్తున్నాం. ‘వేంగి’ అని నెమ్మదిగా పలకండి. సున్న దగ్గర నాలుక వెనక్కి పోయి, గ పుట్టే చోటనే ఆగుతుంది. అక్కడ వినపడేది ఙ. ‘మంజీర’ అన్నప్పుడు వచ్చేది ఞ. ‘కొండపల్లి’లో ణ, ‘నంద్యాల’లో న, ‘కంభం’లో మ. సున్న ఒకటే, పక్కనున్న హల్లును బట్టి అయిదు రకాలుగా పలుకుతుంది. నా మాట వింటే ఈ నాలుగు ఊళ్ళనూ మంజీర నదినీ కలిపి ఒక పుట వేయండి. తూర్పు చాళుక్యుల వేంగి, మొసళ్ళున్న మంజీర, బొమ్మల కొండపల్లి, నంద్యాల, పెద్ద చెరువున్న కంభం. ఆ పుటను పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించాలి. చెవికి అందనిదే ఈ అక్షరాలు అర్థం కావు.

మరి కంటికి? ఙ రూపం చూపించడానికి ఇప్పటికీ బాగా చెల్లుబాటవుతున్న మాట దాదాపు ‘వాఙ్మయం’ ఒక్కటే, అది చిన్నపిల్లలకు బరువు. ఞకు మాత్రం చక్కని దారి ఉంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. పిల్లలకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. ‘యజ్ఞశ్రీ’లో జ కింద వత్తుగా ఉన్నది ఞయే అని చూపవచ్చు. అయితే ఒక చిక్కుంది. జ్ఞను మనవాళ్ళు దాదాపు ‘గ్న్య’ అని పలుకుతారు కాబట్టి ఆ మాటలో ఞ వినపడదు. అందుకే యజ్ఞశ్రీ కంటికి, మంజీర చెవికి. రెండూ కావాలి. అన్నట్టు, అదే నాణెం ణకూ పనికొస్తుంది.

ణకు నాణేన్ని మించినది ఇంకొకటి ఉంది: పొణికి. కొండపల్లి బొమ్మలు చెక్కేది తెల్ల పొణికి కర్రతోనే. చెట్టు, చేతిపని, ఊరు, అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. వీణ, బాణం పాత వాచకాల్లో ఎలాగూ ఉన్నాయి, వాటిని అక్కడే ఉండనివ్వండి.

ఈ అక్షరాలు సంస్కృతం కోసం తెచ్చిపెట్టుకున్నవే, తెలుగుకు అక్కర్లేదు అని ఎవరైనా అంటే కడప జిల్లా కలమళ్ళ శాసనం చూపండి. క్రీ.శ. 575 ప్రాంతం నాటిదని చెప్పే ఈ రేనాటి చోళుల శాసనం తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. అందులో ‘రేనాణ్డు’ అని ఉంది. ఇప్పుడైతే ‘రేనాండు’ అని సున్నతో రాస్తాం. ఆనాటి లేఖకుడు తనకు వినపడిన ణను ణగానే చెక్కించాడు. అదే శాసనంలో ‘చిఱుంబూరి’ అనే మాట కూడా ఉంది. చూశారా, ఱ వచ్చేసింది.

ఱను అక్షరమాల చివర కూర్చోబెట్టి, మాట దొరక్క పిల్లలకు పేరు మాత్రమే వల్లె వేయించడం అలవాటైపోయింది. నిజానికి మీ జాబితాలోని అయిదింటిలో తెలుగుమాట మొదట్లో వచ్చేది ఇదొక్కటే. ఱాయి, ఱెక్క, ఱంపం. పాత నిఘంటువులు ఈ మాటలను బండి ఱతోనే ఇస్తాయి. నడుమ వచ్చేవి లెక్కలేనన్ని: చెఱువు, చెఱకు, గుఱ్ఱం, ఎఱ్ఱ. ఇది ఒకప్పుడు వేరే ధ్వని. పలుకులో తేడా పోయి ఎన్నో వందల ఏళ్ళయినా, పద్యంలో ప్రాస దగ్గర ర, ఱలను కలపకూడదని లాక్షణికులు (పద్యాలకు నియమాలు చెప్పినవాళ్ళు) కట్టడి చేస్తూనే వచ్చారు. అర్థం మారే జంటలూ ఉన్నాయి. ‘ఏరు’ అంటే నాగలి. ఏరువాకలో ఉన్నది ఈ ఏరే. ‘ఏఱు’ అంటే వాగు, నది. ఈ రెంటికీ పక్కపక్కన బొమ్మలు వేస్తే ఱ ఎందుకు పుట్టిందో ఒక్క వాక్యం కూడా రాయకుండా చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు బడిలో ‘ఎర్ర’, ‘చెరువు’ అనే నేర్పుతున్నారు కదా, పిల్లలు గందరగోళపడరా అనవచ్చు. నేటి రాతనే ప్రధానంగా ఉంచండి. ‘ఱ’ పుటలో మాత్రం ‘చెఱువు’ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో ‘ఇప్పుడు చెరువు అని రాస్తున్నాం’ అనండి. బొమ్మకు కాకతీయులు తవ్వించిన రామప్ప చెరువో పాకాల చెరువో తీసుకోండి. లేదా కలమళ్ళ శాసనపు బండనే గీసి ‘ఱాయి’ అనండి. నాకైతే ఈ రెండోదే ఇష్టం. అక్షరం పుట్టుక, దాని పాత రాత, చరిత్ర అన్నీ ఆ బండ మీదే ఉన్నాయి.

రెండో ప్రశ్నకు వద్దాం. యెర్రచందనం, వొంటిమిట్ట రెండూ మార్చాలి. తెలుగుమాటలకు మొదట యకారం రాదని, వు, వూ, వొ, వోలు కూడా రావని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. కాబట్టి ఎర్రచందనం ‘ఎ’ కింద, ఒంటిమిట్ట ‘ఒ’ కింద ఉండాలి. పలికేది అలాగే కదా అన్నవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ఎ, ఏలకు ముందు యకారపు ఛాయ, ఉ, ఊ, ఒ, ఓలకు ముందు వకారపు ఛాయ మన నోట సహజంగా వస్తాయి. పాత రాతప్రతుల్లో యెవరు, వొకడు, వూరు కొల్లలుగా కనిపిస్తాయి. వాటిని రాసినవాళ్ళు చదువురానివాళ్ళేమీ కాదు, విన్నది రాశారంతే. పైగా వాక్యంలో ముందు అచ్చుతో ముగిసే మాట ఉంటే ఆ య, వలు నిజంగానే వచ్చి చేరతాయి: మా యెద్దు, మా వూరు. వ్యాకరణం ‘మా యూరు’ అన్నా జనం అనేది ‘మా వూరు’ అనే.

అయినా అక్షరాలు నేర్పే పుస్తకంలో మాట విడిగా నిలబడుతుంది, ముందు ఏమీ ఉండదు. అక్కడ య, వలకు చోటు లేదు. పైగా ‘య – యెర్రచందనం’ అని నేర్చుకున్న పిల్ల రేపు నిఘంటువులో ఆ మాటను య దగ్గర వెతుకుతుంది, దొరకదు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దాని పేరైనా సరైన చోట ఉండాలి.

ఊరి పేర్లతో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎలమంచిలి, ఎర్రగొండపాలెం బోర్డుల మీద యతోనూ కనిపిస్తాయి. ఆ ఊరివాళ్ళు ఎలా రాసుకున్నా తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ ఒక అక్షరానికి నమూనాగా నిలబెట్టేటప్పుడు రెండు రాతలున్న పేరు తీసుకోకూడదు. ‘య’కు 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం ఉంది, యజ్ఞశ్రీ ఉన్నాడు. ‘వ’కు వేయిస్తంభాల గుడి, వేప, వేంగి, ఎన్నయినా ఉన్నాయి. ఇదే కారణంతో ఐ, ఔల దగ్గర కూడా ఆలోచించండి. ఐనవోలు, ఔకు అందమైన ఎంపికలే కానీ అయినవోలు, అవుకు అని రాసేవాళ్ళూ అంతే మంది.

ఋక్షం వద్దు. ఎలుగుబంటి బొమ్మ చూపిస్తే ఏ పిల్ల అయినా ఎలుగుబంటి అంటుంది, తెలంగాణ పిల్ల గుడ్డెలుగు అంటుంది. ఋక్షం అని మాత్రం ఎవరూ అనరు. బొమ్మ చూడగానే నోటికొచ్చే మాటకూ, కింద అచ్చయిన మాటకూ పొత్తు కుదరకపోతే ఆ బొమ్మ దండగ. ‘ఝ – ఝషం’ అని చేప బొమ్మ వేసే పుస్తకాలదీ ఇదే జబ్బు. ఋకు ఋతువు చాలు. ఒకే చెట్టును ఆరు ఋతువుల్లో గీయించండి. ఋషికొండ వేయవచ్చు కానీ దాన్ని ‘రుషికొండ’ అని రాసేవారే ఎక్కువ. తెలుగువాళ్ళ నోట ఋ ఏనాడో రు అయిపోయింది. విని పోల్చుకోవడం కుదరదు, కళ్ళతో చూసి గుర్తుపెట్టుకోవలసిందే. వట్రసుడి, అంటే హల్లుకు ఋ చేరినప్పుడు కింద రాసే గుర్తు, నేర్పడానికి కృష్ణానదిని మించినది లేదు. ‘కృష్ణ’లో వట్రసుడి, ష, ణ మూడూ ఉన్నాయి. తెలుగుమాట మొదట రాని ష కూడా అక్కడ గట్టెక్కుతుంది.

ఆ లెక్కన మీ కలివికోడి ఎంపిక నాకు ఎంతో నచ్చింది. అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. ఆ ప్రాంతం వాళ్ళు పెట్టుకున్న పేరునే మీరు తీసుకున్నారు. ‘జెర్డాన్స్ కోర్సర్’ అన్న ఇంగ్లీషు పేరు పట్టుకుని జెర్డాన్ దొరను ‘జ’ కింద కూర్చోబెట్టలేదు.

మీరు అడగకపోయినా ఒత్తు అక్షరాల గురించి ఒక మాట. వాటికి ఇక్కడి ఊళ్ళూ గుళ్ళే చాలినన్ని ఉన్నాయి. ఘంటసాల, ఛాయాసోమేశ్వరాలయం, ఝరాసంగం, ధాన్యకటకం, భట్టిప్రోలు. సూర్యాపేట జిల్లాలోని బౌద్ధక్షేత్రం ఫణిగిరి ‘ఫ’కు దొరికిన వరం. ఎందుకంటే ఫ్యాను, ఫోను అంటూ నేర్చుకున్న పిల్లలకు అసలు ఫ అంటే పకు ఒత్తు అని తెలియకుండా పోతోంది. థకు రథం చాలు. దాన్ని ‘రధం’ అని అచ్చు వేయకుండా చూసుకోండి, ఈ పొరపాటు పెద్దల పుస్తకాల్లోనే బోలెడు. చ, జలకు రెండేసి బొమ్మలు వేయగలిగితే మరీ మంచిది. చార్మినార్‌లో చ ఒకటి, చాపలో చ ఒకటి. జింకలో జ ఒకటి, జొన్నలో జ ఒకటి. ఌ, ౡలను వదిలేయండి. ఌ సంస్కృతంలోనే ఒక్క ధాతువుకు పరిమితం. మన ‘క్లుప్తం’ ఆ ధాతువు నుంచి వచ్చిందే, దాన్నీ మనం మామూలు లవత్తుతోనే రాస్తున్నాం. ౡకు సంస్కృతంలోనూ మాట లేదు.

పుస్తకం పేరు సంగతి. వర్ణం అంటే ధ్వని, అక్షరం అంటే పలికే తునక, దానికి రాసే గుర్తు కూడా. శాస్త్రంలో ఆ తేడా పాటిస్తారు కానీ వాడుకలో వర్ణమాల, అక్షరమాల రెండూ ఒకటే. ఏది పెట్టినా తప్పులేదు. పిల్లలు మాత్రం దాన్ని ‘అఆల పుస్తకం’ అనే అంటారు. అట్ట మీద అదే వేయండి.