వేవిళ్ళు వేరు, కోపం వేరు

సందేహం: మా ఆవిడకు మూడో నెల. చీటికిమాటికి నా మీద కసురుకుంటోంది. ‘వేవిళ్ళురా అబ్బాయ్, పట్టించుకోకు’ అంటుంది మా అమ్మ. ‘వేవిళ్ళంటే వాంతులు, నా కోపానికి ఆ పేరు పెట్టకండి’ అంటుంది మా ఆవిడ. ఏది సరైన వాడుక? ‘వేవిళ్ళు’ అని రాయాలా, ‘వేవిళ్లు’ అనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: వాడుక వరకు మీ ఆవిడదే సరి. కాకపోతే వేవిళ్ళంటే వాంతులొక్కటే కాదండి. వికారం, తిండి సయించకపోవడం కూడా అందులోవే. మొన్నటిదాకా ఇష్టంగా తిన్న చేపల పులుసు ఉడుకుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తడం వేవిళ్ళు. పుల్ల మామిడికాయ మీదికి మనసు పోవడమూ వేవిళ్ళే. కోపం మాత్రం అందులో లేదు.

వాక్యంలో పెట్టి చూడండి. ‘ఆమెకు వేవిళ్ళు’ అంటాం, ‘ఆమెకు నా మీద వేవిళ్ళు’ అనం. కోపమైతే ‘ఆమెకు నా మీద కోపం’ అనాల్సిందే. ‘మీద’ వచ్చిందంటే ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు, చాలాసార్లు ఒక కారణం కూడా ఉన్నట్టు. ‘నా మీద కసురుకుంటోంది’ అని మీరే రాశారు. దాన్ని వేవిళ్ళు అనేస్తే ఆ ‘మీద’ పోతుంది, కారణం అడిగే పని కూడా తప్పిపోతుంది. ఆవిడ బాధ అదే అనుకుంటాను.

అలాగని మీ అమ్మగారి మాట ఊరికే పోదు. తొలి నెలల్లో హార్మోన్ల మార్పులకు తోడు నిద్ర చాలదు, ఒంట్లో ఓపిక ఉండదు, చిన్న మాటకే కళ్ళనీళ్ళొస్తాయి. దానికి ‘చిరాకు’ చక్కగా సరిపోతుంది. ‘చిరాకుగా ఉంది’ అంటే తన ఒంటి సంగతి, ‘చిరాకు పడుతోంది’ అంటే ఎదుటివాళ్ళతో సంగతి. రెండూ కలిసి రావచ్చు కూడా. ‘అలక’ అని మాత్రం అనకండి, అది బుజ్జగిస్తే తీరిపోయే ముచ్చట. ‘దిగులు’ పూర్తిగా వేరు. రెండు వారాలు దాటినా దిగులు వదలక, నిద్రా తిండీ తప్పి, దేని మీదా మనసు పోకపోతే డాక్టరుకు చెప్పాలి. ‘కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేలే’ అని తోసెయ్యకూడదు.

అయిదో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టేనాటికి చాలామందికి వేవిళ్ళు తగ్గుముఖం పడతాయి. మీ మీద కోపం కూడా అప్పటికి తగ్గుతుందిలే అని ఆగకుండా, ఎందుకొచ్చిందో ఇప్పుడే ఆవిడను అడగండి.

ఇక రాత సంగతి: వేవిళ్ళు, వేవిళ్లు – రెండూ చెల్లుతాయి.