ప్రజాస్వామ్యం పార్టీ లోపల ఉందా?

ప్రశ్న: ప్రజాస్వామ్యం, విదేశాంగ విధానం అంటూ గంటలకొద్దీ మాట్లాడే పార్టీలో లోపలి ఎన్నికలే జరగవు. ఎన్నికల సంఘం దాని రిజిస్ట్రేషన్ రద్దు చేసే వీలు లేదా? - ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ ఒక్క కారణంతో రద్దు చేసే వీలు లేదండీ. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం రిజిస్టరయ్యే పార్టీ ప్రజాస్వామ్యానికి కట్టుబడతానని నియమావళిలో రాయాలి. ఆ మాట తప్పినా రద్దుచేసే అధికారం సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. మోసంతో పొందిన రిజిస్ట్రేషన్ వంటి కొద్ది సందర్భాలే మినహాయింపు. ఇది చట్టంలో పెద్ద లోపమే.

మీరే పరీక్షించండి. సంఘం వెబ్‌సైట్‌లో పార్టీ నియమావళి దొరుకుతుంది. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలి, ఎన్నేళ్లకోసారి అన్నది చదివి, చివరి ఎన్నిక ఎప్పుడు జరిగిందో అడగండి. పోటీ లేకుండా ప్రతిసారీ ఒకరే ఎన్నికవుతుంటే అనుమానించాల్సిందే.

ఇక మీరన్న విదేశాంగ విధానం సంగతి. విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలోవి, అంటే కేంద్రం పరిధిలోవి. వాటికి పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. కాబట్టి ఎంపీ వేసే ప్రశ్నే ఆయుధం. ఓటింగులో విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టంతో పదవి పోవచ్చు. ప్రశ్న అడగడానికి విప్ అడ్డురాదు. 2025 ఆగస్టులో మన సరుకులపై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి నెల్లూరు, ప్రకాశం రొయ్యల రైతులు దెబ్బతిన్నప్పుడు మీ ఎంపీ ఏం అడిగారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి.