అన్నీ గుర్తున్నా డిమెన్షియా ఉండవచ్చా?

మీ నాన్నగారు 57 ఏళ్ల వయసులో పాత సంగతులన్నీ తారీఖులతో సహా చెబుతున్నా, డాక్టరుగారు ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాను అనుమానించడం ఎలా సాధ్యమని అడిగారు. సాధ్యమే. మా బావగారిది సరిగ్గా ఇదే పరిస్థితి.

అల్జీమర్స్ సాధారణంగా జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ ప్రాంతంలో మొదలవుతుంది కనుక, పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండకపోవడం, తెలిసిన దారే తప్పడం ముందుగా కనిపిస్తాయి. లేని మనుషులు కళ్లకు కనిపించడం, నడక బిగుసుకుపోవడం లూయీ బాడీ డిమెన్షియా లక్షణాలు. మీ డాక్టరుగారు అనుమానిస్తున్న జబ్బులో దెబ్బతినేవి మెదడు ముందుభాగమూ, కణతల వైపు భాగమూ. నిగ్రహం, మర్యాద, ఎదుటివారి బాధను గ్రహించడం, మాట వాటిపైనే ఆధారపడతాయి. ఇది ఎక్కువగా 45–65 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

బ్యాంకు ఆఫీసరుగా పనిచేసిన బావగారు డిపాజిట్ల గడువు తేదీలు కాగితం చూడకుండా చెప్పేవారు. అదే మనిషి పక్కింటికి పరామర్శకు వెళ్లి, పొయ్యి వెలిగించని ఆ ఇంట్లో కాఫీ అడిగి, ఇవ్వలేదని విసుక్కున్నారు. తీపి ముట్టనివారు పంచదార డబ్బాలో చెంచా వేసుకుని తినసాగారు. అక్కయ్య సిగ్గుతో తల వంచుకుంటే, అందులో తప్పేముందో ఆయనకు అర్థమయ్యేది కాదు. చుట్టాలు పొగరన్నారు, ఒక వైద్యుడు డిప్రెషన్ అన్నారు, కానీ ఆయనలో దిగులన్నదే లేదు.

అందరికీ ప్రవర్తనే మారాలని లేదు, కొందరికి ముందు మాట పోతుంది. నటుడు బ్రూస్ విల్లిస్‌కు మాట తడబడే అఫేసియా ఉందని 2022లో చెప్పిన కుటుంబం, 2023లో ఈ జబ్బు పేరు ప్రకటించింది. ఈ జబ్బును తొలిసారిగా 1892లో ప్రాగ్ వైద్యుడు ఆర్నాల్డ్ పిక్ వర్ణించారు, ఆయన చూసిన ఆ రోగి కూడా మాట కోల్పోయినవాడే.

మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలో వీరికి మంచి మార్కులే రావచ్చు కనుక, ఎమ్మారై ఎంత ముఖ్యమో ఇంట్లోవాళ్లు చెప్పే వివరాలూ అంతే ముఖ్యం. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో రాసుకుని వెళ్లి, నాన్నగారు పక్కన లేనప్పుడు డాక్టరుగారికి చెప్పండి. ఆయన ఎదుట అడిగితే తనకేమీ లేదనే అంటారు, అది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ దీనికి పనిచేయదు, కొందరిలో చిరాకును పెంచుతుంది కూడా. జబ్బును ఆపే మందు ఇంకా లేదు. ప్రవర్తనను కొంత అదుపు చేసే మందులున్నాయి.

వీలైనంత త్వరగా, ఆయన ఒక్కరి సంతకంతో పెద్ద మొత్తాలు బయటకు పోకుండా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. వడ్డీ లెక్క తప్పకుండా వేయగలిగిన మనిషే, ముఖపరిచయం లేనివారు అడిగినా ఇచ్చేయగలరు.