షట్టరు దించితేనే కనబడే బొమ్మలు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నెల్లూరులో గోడల మీద తమాషా బొమ్మలు చూడాలంటే యాడికి పోవాలని అడిగావు. మీ వీధి చాలు. ఏ వేళకి పోతావన్నదే ముఖ్యం.

అంగళ్ల షట్టర్ల మీద గీసిన బొమ్మలు అంగడి తెరిస్తే చుట్టుకుని పైకి పోతాయి. అందుకని పొద్దన్నే, అంగళ్లు తెరవకముందే పో. షట్టరు మడతల వల్ల పక్కనుంచి చూస్తే ముక్కూ మొహమూ విరిగినట్టుంటాయి. ఎదురుగా పదడుగుల దూరంలో నిలబడితే అతుక్కుంటాయి. ధనుర్మాసంలో అయితే ముగ్గుల కోసం ఆరున్నరకే బయల్దేరు, బండ్లు తిరిగితే మిగలవు.

పోయేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క చూడు. మోకాలి ఎత్తున కల్వర్టు గోడలూ, పైన సగం కట్టిన ఇళ్లకి వేలాడే దిష్టిబొమ్మలూ వదలబాక. నాలుక చాపిన దిష్టిబొమ్మ మీసం ఒక్కో ఇంటికి ఒక్కో రకం! గోడలోంచి వచ్చే పైపును గీసినాయన ఏనుగు తొండం చేశాడేమో చూడు. అసలు చమత్కారం అట్టాంటి చోటే దొరికేది. మూత్రం పోయకుండా అతికించిన దేవుడి టైల్సు మాత్రం నా లెక్కలో బొమ్మలు కావు, కాపలాదార్లు.

ఏనుగుకు కాళ్లు లేకపోతే గీసినాయన్ని తప్పుపట్టబాక. నేలలోని తడి ఉప్పును పైకి లాగుతుంది, గోడ అడుగున చవుడు పట్టి పెచ్చులూడతాయి. రంగుని వేలికొసతో ఒక్కసారి తాకు. పొడి అంటితే డిస్టెంపరు, అంటే నీళ్లలో కలిపి వేసే రంగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే మన వానలకి అది ఆగేది కష్టం, ముందు దాన్నే ఫోటో తీసుకో. అంటకపోతే ఎనామిల్, అంటే నూనె రంగు అయ్యుంటుంది, తొందర లేదు. రంగు తేలుతుందని నీళ్లు చల్లబాక, డిస్టెంపరు కరిగి కారిపోతుంది. సంక్రాంతికి సున్నాలేస్తారు, వానలూ ఆగిపోయుంటాయి గనక ఆ తర్వాత ఉగాది దాకా చూడ్డానికి మంచి కాలం.

ఫోన్ గుండెల ఎత్తున నిటారుగా పట్టుకో, వైడ్ పెడితే అంచులు వంగుతాయి. గేటూ స్తంభమూ కలిపి ఒకటి, కుంచె గీతలు కనబడేట్టు దగ్గర్నుంచి ఒకటి తియ్యి. మూలన ఆర్టిస్టు పేరుంటే అదీ, వీధి పేరూ, తేదీ రాసుకో. ఎన్నికలొస్తే ఆ గోడకి సున్నం కొట్టి పార్టీ పేరు రాస్తారు.

ఇంటి గోడైతే వాళ్లని అడిగి తియ్యి. కుక్కలు మొరిగితే పరిగెత్తబాక, నిలబడి మెల్లగా పక్కకి జరుగు. ఫోటో కోసం వెనక్కి అడుగేసేటప్పుడు ఆటోలే కాదు, పలక లేచిపోయిన సైడుకాలవ కూడా చూసుకో.

మీ పెదనాన్న