పచ్చచుక్క ఉన్న ఎర్ర మిఠాయిలో పురుగుల రంగు ఉంటుందా?

ఉండకూడదు, 120 నంబరుతో రాసే కార్మైన్ రంగు పురుగుల నుంచి తీసేది, అది కలిపితే ప్యాకెట్ మీద పచ్చచుక్క కాదు, మాంసాహార గుర్తు ఉండాలి.

నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కోచినీల్ పురుగులను ఎక్కువగా పెరూలో పెంచుతారు. ఆడపురుగులను ఎండబెట్టి రంగు తీస్తారు. ఎండిన పురుగు మిరియపు గింజ కంటే చిన్నది, నలిపితే వేళ్లకు ముదురు ఎరుపు అంటుతుంది. కిలో రంగుకు లక్షకు పైగా పురుగులు కావాలి.

సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చి గంటస్తంభం దగ్గర పిల్లలకి ఎర్ర జెల్లీ ప్యాకెట్ కొన్నారనుకోండి. వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో 122 అని ఉంటే అది కార్మోయిసిన్, రసాయనాలతో చేసిన రంగు. పేరు కార్మైన్‌లా వినబడుతుంది కాబట్టి చాలామంది దాన్నీ పురుగుల రంగే అనుకుంటారు. ఎరుపంతా పురుగుల నుంచి రాదు. శాకాహారం పాటించేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, అందుకే ఉత్త నంబరు కాకుండా ‘పురుగుల నుంచి తీసినది’ అని తెలుగులో రాస్తే బాగుంటుంది.

మిఠాయిల మీద మెరుపుకి పూసే లక్క (904) కూడా పురుగుల నుంచే వస్తుంది. కానీ తేనెలాగే దానికీ నిబంధనల్లో మినహాయింపు ఉంది, పచ్చచుక్క వేయొచ్చు.