ఆటల ఉత్తరాలు: రగ్బీ కెప్టెన్ అంటే గట్టిగా అరవాలా?

ప్రశ్న: అన్నా, డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. ఏయూ గ్రౌండ్‌లోనూ ఆర్కే బీచ్ ఇసుకలోనూ రగ్బీ ప్రాక్టీస్ చేస్తాం, నేను ఫ్లాంకర్‌ని (అవతలివాళ్ల బంతి లాక్కునే పని), ఏడో నంబర్. న్యూజిలాండ్ ఫ్లాంకర్ రిచీ మెకా అంటే ప్రాణం. ఈ ఏడాది నన్నే కెప్టెన్ చేశారు. కానీ నేను పెద్దగా మాట్లాడను, తెలుగు మీడియం, రిఫరీతో ఇంగ్లీషులో మాట్లాడాలంటే నోరు పెగలదు. బాగా అరిచేవాడెవడికైనా ఇచ్చేద్దామా అనిపిస్తోంది. – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇచ్చెయ్యకు తమ్ముడూ. మెకా న్యూజిలాండ్‌కి 148 టెస్టులు ఆడితే అందులో 110 కెప్టెన్‌గానే ఆడాడు, ఆ పేరు స్పీచులిచ్చి తెచ్చుకున్నది కాదు, రక్ (నేల మీదున్న బంతి కోసం రెండు జట్లూ తోసుకునే చోటు) దగ్గర పని చేసి తెచ్చుకున్నది. నీదీ ఏడో నంబరే కాబట్టి నీకు తెలిసే ఉంటుంది, మనోడు అవతలివాణ్ణి పడగొట్టగానే దొరికేది రెప్పపాటు టైము, ఆలోపే వెళ్లి నీ కాళ్ల మీద నువ్వు నిలబడి, మోకాలు నేలకి ఆనకుండా నడుం వంచి బంతి మీద చేతులేసెయ్యాలి, వాళ్ల మనిషి వచ్చి గుద్దినా వదలకూడదు, పడున్నవాడి మీదకి వాలిపోయావా పెనాల్టీ. ఆ పని ఎనభై నిమిషాలూ చేసేవాడు టీమ్‌తో ఒక్క ముక్క మాట్లాడినా వింటారు.

అలాంటి మెకా కెప్టెన్‌గా ఉండగానే 2007 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్లో, కార్డిఫ్‌లో, ఫ్రాన్స్ చేతిలో 20-18తో ఓడిపోయారు. ఆఖరి నిమిషాల్లో టెన్షన్‌కి బుర్రలు పనిచెయ్యలేదు. ఆ తర్వాత వాళ్లు పట్టుబట్టి నేర్చుకున్నది ఒత్తిడిలో మనసు కుదుట పెట్టుకోవడం, మెకా అయితే గట్టిగా ఊపిరి తీసుకుని కాళ్లు నేలకేసి తొక్కేవాడు, అంతే, మళ్లీ ఆటలోకి వచ్చేసేవాడు. 2011లో ఈడెన్ పార్క్‌లో ఫైనల్, మళ్లీ అదే ఫ్రాన్స్, మెకా పాదంలో ఎముక విరిగి ఉంది, అయినా ఆడాడు, 8-7తో గెలిచారు. 2015లో ట్వికెన్‌హామ్‌లో ఆస్ట్రేలియా మీద 34-17తో ఇంకో కప్పు.

అసలు కెప్టెన్ పనెక్కడుందంటే పెనాల్టీ వచ్చినప్పుడు. పోస్టుల మధ్యకి కొట్టి మూడు పాయింట్లు తీసుకోవాలా, టచ్‌కి, అంటే పక్క గీత బయటికి, కొట్టి లైనౌట్‌కి (అక్కణ్ణుంచి వరసల మధ్యకి బంతి విసరడం) వెళ్లాలా, స్క్రమ్ (రెండు జట్లూ తలలు దూర్చి తోసుకోవడం) అడగాలా, క్షణాల్లో తేల్చాలి. 2015 సెప్టెంబర్ 19న బ్రైటన్‌లో జపాన్ 29-32తో వెనకపడి ఉంది, టైము అయిపోయింది, కిక్ కొడితే సౌతాఫ్రికాతో డ్రా, జపాన్‌కి అదే పెద్ద పండగ. కోచ్ ఎడ్డీ జోన్స్ కూడా కిక్కే కోరుకున్నాడు. కెప్టెన్ మైకేల్ లీచ్ మాత్రం స్క్రమ్ అడిగాడు, కార్న్ హెస్కెత్ మూలన ట్రై (బంతిని గోల్ గీత అవతల నేలకి ఆనించడం, ఐదు పాయింట్లు) వేశాడు, 34-32. సరిగ్గా వారానికి ఇంగ్లండ్ కెప్టెన్ క్రిస్ రాబ్‌షాకి వేల్స్ మీద అదే పరిస్థితి, 25-28, అతనూ డ్రా వద్దనుకుని లైనౌట్‌కి వెళ్లాడు, బంతి వరసలో ముందున్నవాడికే వేశారు, వేల్స్ వాళ్లు మూకుమ్మడిగా లైను బయటికి నెట్టేశారు, ఆ తర్వాత ఆస్ట్రేలియా చేతిలో కూడా ఓడి సొంతగడ్డ మీదే పూల్ దశలో ఇంటికెళ్లిపోయారు. రాబ్‌షాని దేశమంతా తిట్టింది, నేను మాత్రం తిట్టను, నిర్ణయం తప్పు కాదు, లైనౌట్ సరిగ్గా చెయ్యలేదు అంతే. కాబట్టి నువ్వు మ్యాచ్ ముందే కిక్కర్‌ని అడిగి పెట్టుకో, గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంటే ఎంత దూరం నుంచి కొట్టగలవురా అని.

ఇంగ్లీష్ గురించి బెంగ వద్దు. సౌతాఫ్రికాకి 2019లో, 2023లో కప్పులు తెచ్చిన సియా కొలిసి జ్వైడె అనే పేదల వాడలో ఖోసా భాష మాట్లాడుతూ పెరిగినవాడు, స్కాలర్‌షిప్ మీద పెద్ద స్కూల్లో చేరాకే ఇంగ్లీష్ వంటబట్టింది. రిఫరీ దగ్గరికి ఒంటరిగా వెళ్లు, వెనకాల గుంపుని రానీకు, "సర్, మా తప్పేంటి, ఎలా సరిచేసుకోవాలి" అని అడుగు, తెలుగొచ్చిన రిఫరీ అయితే తెలుగులోనే అడుగు.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్, కబడ్డీ నుంచి రగ్బీకి మారాడు, ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. తలకి దెబ్బలంటే భయంగా ఉంది. ఇందులో బతుకు తెరువుందా? – ఒక తల్లి, పెందుర్తి

జవాబు: భయపడటం సబబే అమ్మా, దాన్నే ముందు చెప్తాను. 2003లో వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ హుకర్ (స్క్రమ్‌లో ముందు వరస మధ్యలో ఉండేవాడు) స్టీవ్ థాంప్సన్‌కి నలభై రెండేళ్లకే డిమెన్షియా అని తేలింది, ఆ ఫైనల్ ఆడినట్టే గుర్తులేదని 2020లో ఆయనే బయటపెట్టాడు. ఇప్పుడు పెద్ద మ్యాచుల్లో తలకి దెబ్బ అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి పంపి డాక్టర్ పరీక్ష చేస్తారు, మన లోకల్ మ్యాచుల్లో అంత ఏర్పాటుండదు గనక అనుమానమొస్తే ఆట అక్కడికక్కడే బంద్, డాక్టర్ సరే అనేదాకా మళ్లీ దిగకూడదు, అంతే. బాబు కోచ్‌ని కలిసి ఈ రూల్ పాటిస్తారా అని సూటిగా అడగండి, నవ్వేసి తీసిపారేస్తే ఆ కోచ్ దగ్గర మాన్పించండి. ట్యాక్లింగ్‌లో తల ఎటు పెట్టాలో నేర్పుతున్నారా అనేది కూడా చూడండి, కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలు పట్టులో గట్టోళ్లే కానీ తల అవతలివాడి తొడకి ముందు పెట్టేస్తుంటారు, మోకాలు సూటిగా తగులుతుంది.

డబ్బు సంగతి. రగ్బీ యూనియన్, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ ఆట, ప్రొఫెషనల్ అయ్యిందే 1995లో, మన దేశంలో పదిహేను మందితో ఆడే ఆట మీద బతకడం ఇప్పటికి కష్టం. ఏడుగురి ఆటలో మాత్రం 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది, కానీ అది కొన్ని వారాల పని, ఏడాది జీతం కాదు. 2020లో కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో రగ్బీని చేర్చారు, నా దృష్టిలో అసలు దారి అదే, దానికి ఉద్యోగానికి తగ్గ చదువు, ఆట సర్టిఫికెట్లు రెండూ కావాలి. ఆడనివ్వండమ్మా, చదువు మాత్రం వదలనివ్వకండి.

ప్రశ్న: రగ్బీకీ ఇండియాకీ పాత సంబంధమేమైనా ఉందా? – ఎన్‌ఏడీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: భేషుగ్గా ఉంది. పేరుకి ఫుట్‌బాల్ అయినా రగ్బీ ఆడిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ మూతపడినప్పుడు బ్యాంకులో ఉన్న డబ్బంతా వెండి రూపాయల్లో తీసి, కరిగించి కప్పు చేయించారు, పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. అదే కలకత్తా కప్. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్ దాని కోసమే కొట్టుకుంటున్నాయి. 1988లో ఇద్దరు ప్లేయర్లు ఆ కప్పుని ఎడిన్‌బరో వీధుల్లోకి తీసుకెళ్లి సొట్టలు పెట్టేశారు, తర్వాత బాగు చేయించారు.