కొండకు వాలు, గచ్చుకు వాటం

సందేహం: మా ఊరి గ్రంథాలయంలో చక్రాల కుర్చీల్లో వచ్చేవారి కోసం మెట్ల పక్కన సిమెంటుతో ఏటవాలుగా ఒక దారి కట్టారు. దానికి ‘ర్యాంప్’ అని బోర్డు రాయించబోతుంటే, ‘వాలుదారి’ అని రాయించమన్నాను. అక్కడున్న ఒకాయన “వాలుజడ విన్నాం గానీ వాలుదారి ఏమిటండీ” అని నవ్వారు. మరొకాయన, వాలు అంటే దిగేదే గానీ ఎక్కేది కాదన్నారు. కట్టిన మేస్త్రీ మాత్రం ‘వాటం’ అంటున్నాడు. వాటం సంగతి అలా ఉంచి, ఆ దారిలో ఒక కుర్చీని పైకి తొయ్యాలంటే ఇద్దరు మనుషులు కావలసి వస్తోంది. వాలు, ఏటవాలు, వాటం... వీటిలో ఏది సరైన మాట? వాలుజడలో ఉన్నదీ ఈ వాలేనా? మన పాత కవులు కొండవాలును ఏమనేవారు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: నవ్వినాయన్ని ముందు క్షమించేద్దాం. ‘ఎస్కలేటర్’ అంటే బుద్ధిగా తలూపి, ‘వాలుదారి’ అంటే పకపకా నవ్వడం ఒక్క ఆయనకే ఉన్న జబ్బు కాదు. రెండో ఆయన మాటలో మాత్రం సరుకుంది.

వాలు అనే నామవాచకాన్ని వాలు అనే క్రియ నుంచి విడదీయలేం. పొద్దు వాలుతుంది. పిట్ట కొమ్మ మీద వాలుతుంది, ఈగ బెల్లం మీద వాలుతుంది. దీనికి ప్రేరణ రూపం వాల్చు. మంచం వాలుస్తాం, దాని మీద కాసేపు నడుము వాలుస్తాం, నచ్చినదాన్ని రెప్ప వాల్చకుండా చూస్తాం. ఎక్కడ చూసినా కదలిక పైనుంచి కిందికే. వాలు అన్నప్పుడు తెలుగువాడు కొండ మీద నిలబడి కిందికి చూస్తున్నాడన్నమాట. దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కాబట్టి కృష్ణా గోదావరులు తూర్పుకు ప్రవహిస్తున్నాయంటాం గానీ, పడమటికి లేచి ఉంది కాబట్టి అనం. ఆ మేరకు ఆయన చెప్పింది నిజమే. అయితే లెక్కల పాఠం ఈ గీతను ఎప్పుడో చెరిపేసింది. పిల్లలు చదివే ‘సరళరేఖ వాలు’ రేఖ పైకి పోతే ధనాత్మకం, కిందికి దిగితే ఋణాత్మకం. పైకి పోయే గీతకు కూడా వాలు ఉందని తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలందరూ ఒప్పుకున్నాక గ్రంథాలయం మెట్ల దగ్గర పేచీ దేనికి?

ఏటవాలు వేరు. వాలు స్థలాన్ని చెబుతుంది, ఏటవాలు తీరును చెబుతుంది. నిలువూ కాక, అడ్డమూ కాక ఉన్న తీరు అది. గులాబీ కొమ్మను అంటు కోసం ఏటవాలుగా కోయమంటారు. అక్కడ కొండా లేదు, పల్లమూ లేదు, కత్తి పెట్టే కోణం మాత్రమే ఉంది. కాబట్టి ‘కొండవాలులో జీడిమామిడి వేశారు’ అనాలి, ‘ఆ గుట్ట ఏటవాలుగా ఉంది’ అనాలి. ‘కొండ ఏటవాలులో పంట వేశారు’ అని పత్రికల్లో రాస్తున్నారు. పట్టుకుని కొట్టేంత తప్పు కాదు. అయినా చేతిలో పొట్టి మాట ఉండగా పొడుగు మాట రాస్తే గౌరవం పెరుగుతుందనే భ్రమ విలేకరులను ఎందుకో వదలదు. వ్యవసాయ శాఖవారు మాత్రం ‘వాలుకు అడ్డంగా దున్నండి’ అని చక్కగా రాస్తారు. నేల కోత ఆపే మాట అది. అందులో ఒక్క అక్షరం కూడా ఎక్కువ లేదు.

పల్లం వాలు కాదు. వాలు ఎక్కడ ముగుస్తుందో అది పల్లం. ‘నీరు పల్లమెరుగు’ అన్నారు గానీ నీరు వాలెరుగు అనలేదు. చరియ మరీ నిటారుగా ఉండేది. వాలు మీద నడుస్తాం, చరియను కింద నిలబడి చూస్తాం, వానాకాలమైతే కాస్త దూరం నుంచి చూస్తాం.

ఇక మీ మేస్త్రీ. ఉత్తరంలో ఆయన్ని చివర నిలబెట్టారు గానీ నా లెక్కలో ఆయనే ముందు. ప్రకృతిలో ఉన్నది వాలు, పనిగట్టుకుని పెట్టేది వాటం. గచ్చు మీద నీళ్లు నిలవకుండా తూము వైపు పోయేందుకు మేస్త్రీ వాటం పెడతాడు. డాబాకు వాటం సరిగ్గా లేకపోతే మొదటి వానకే తెలిసిపోతుంది. గాలివాటం, ఎడమచేతి వాటం, ఎవరూ చూడనప్పుడు కనిపించే చేతివాటం, అన్నిట్లోనూ ఏదో ఒక వైపుకు మొగ్గడమే ఉంది. నిఘంటువులు ముందేసుకుని కూర్చునే మాలాంటివాళ్లకన్నా తాపీ పట్టినవాడి నోట మాట శుభ్రంగా ఉంటుందని చాలాకాలంగా చెబుతున్నాను, ఎవరూ వినరు.

పాత కవుల సంగతి అడిగారు కాబట్టి పెద్దన దగ్గరికి వెళ్లక తప్పదు. నిజానికి మీరు అడగకపోయినా వెళ్లేవాణ్ణి. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని మొదటిసారి చూసే పద్యం అందరూ బడిలో వల్లె వేసిందే:

అటజని కాంచె భూమిసురు డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

దీన్ని సమాస పటాటోపానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. ఊపిరి బిగబట్టి అప్పజెప్పిన పిల్లవాడికి చప్పట్లు పడతాయి, పద్యం మాత్రం అక్కడే ఉండిపోతుంది. నాలుగో పాదం మొదట్లో ఉన్న కటకం అన్న మాట దగ్గర ఆగండి. ‘జాలమున్’ చివర ద్రుతం, అంటే నకారం, ఉంది కాబట్టి అది గటక అయింది. ఏమిటీ కటకం? సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ‘కటకోఽస్త్రీ నితంబోఽద్రేః’ అన్నాడు. కొండకు నడుము కింది భాగం, అంటే కొండవాలు. మీరు అడిగిన మాట ఇదే.

ఇప్పుడు పద్యాన్ని మళ్లీ పై నుంచి చూడండి. మొదట శిరస్సు, ఆకాశాన్ని ముద్దాడుతున్న శిఖరం. అక్కడి నుంచి జారే సెలయేళ్లు. ‘సరత్’ అంటే జారుతున్న అనే కదా. ఆ ఏళ్లలో మళ్లీ మళ్లీ దొర్లే అలలు, అలల చప్పుడు మృదంగ ధ్వని, ఆ ధ్వనికి పురి విప్పి ఆడే నెమళ్లు. ఆ తర్వాత కటకం, అక్కడ తిరుగుతున్న ఆడ ఏనుగులు, వాటి తొండాలు తగిలి ఊగుతున్న సాలవృక్షాలు. శిరస్సుతో మొదలైన చూపు నితంబం దాకా దిగింది. ప్రవరుడి కన్ను కొండ మీది నుంచి కిందికి వాలింది, నీళ్లు దారి చూపించాయి, పద్యం వాటి వెంట నడిచింది. ప్రాసలో ‘ట’ కావలసి వచ్చి కటకం వేశాడని అనేవారున్నారు. ప్రాస కోసమే దొరికిందనుకుందాం. దొరికిన మాటను ఎక్కడ కూర్చోబెట్టాడో చూడండి. ఏనుగు మంచు శిఖరం మీద తిరగదు, తిరిగేది వాలులోనే. తిరగడం మొదలుపెట్టగానే పాదమంతా కకారాలు: కటక, కరేణు, కర, కంపిత. మృదంగం వెనక్కి తగ్గి, కొమ్మల కదలిక వినిపిస్తుంది.

ఇదే కవి ప్రవరుడి ఊరైన అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ ‘వరణాద్వీపవతీ తటాంచలమునన్’ అన్నాడు. నది ఒడ్డుకు తటం, కొండవాలుకు కటకం. రెంటికీ పైన అంబరాన్ని చుంబించేది ఒకటి ఉంది. ఊళ్లో అది కోటగోడ, హిమాలయంలో శిఖరం. ఊరు కదలని ప్రవరుడికి ఆకాశాన్ని ముద్దాడడమంటే కోటగోడే. దాన్ని దాటి వచ్చాడు పాపం, ఏం చూడవలసి వస్తుందో తెలియక.

తెలియాల్సింది ఎంతో దూరంలో లేదు. కాళ్ల పసరు మంచుకు కరిగిపోయి, దారి తెలియక తిరుగుతున్న ఆ బ్రాహ్మణుణ్ణి వరూధిని చూస్తుంది. ‘చూచి ఝళంఝళత్కటక సూచిత వేగ పదారవిందయై లేచి’ అంటాడు పెద్దన. మళ్లీ కటకమే! ఇప్పుడది కాలి అందె. లేచిన తొందరంతా ఆ అందెల గలగలలోనే తెలుస్తోంది. ఏనుగులు తిరిగే కటకం కొన్ని పద్యాలు దాటేసరికి ఒక ఆడదాని కాలికి చుట్టుకుంది. కావాలనే వాడాడా? పెద్దనను అడగలేం. నేనైతే కావాలనే అంటాను. పైగా మనుచరిత్రను అంకితం తీసుకున్న కృష్ణరాయలి ఆస్థానంలో కటకం అనగానే ముందు తలపుకు వచ్చేది రాయలకు శత్రువులైన గజపతుల రాజధాని, ఇప్పటి ఒడిశాలోని కటక్. కొండవాలు, అందె, శత్రువుల నగరం అనే మూడర్థాలూ తెలిసిన శ్రోతలను ముందు కూర్చోబెట్టుకుని చదివిన కావ్యం అది. ఇప్పటి మన పిల్లలకు కటకం అంటే భౌతికశాస్త్రంలో కుంభాకార కటకం, పుటాకార కటకం. ఆ పారిభాషిక పదం చేసినవారిని తప్పుపట్టను, గుండ్రటి గాజుబిళ్లకు కడియం పేరు పెట్టడం తెలివైన పనే. మిగతా మూడర్థాలను ఒక్క పాఠంలోనైనా చెప్పకపోవడం మీదే నా కోపం.

కోపం వచ్చింది కాబట్టి మరొకటి. యాత్రా వ్యాసాలు రాసేవారు ‘హిమాలయ సానువుల్లో జారుతూ’ అని రాస్తుంటారు. అమరుడు ‘స్నుః ప్రస్థః సానురస్త్రియామ్’ అని చెప్పింది కొండ మీది చదును నేలను. చదును మీద జారడం ఎలాగో వారే చెప్పాలి. చరియ అనే అర్థంలోనూ సానువు వాడుకలో పడిపోయింది కాబట్టి ఇప్పుడు పూర్తిగా తప్పని కొట్టివేయలేను గానీ, కొండవాలు అంటే వారి వ్యాసానికి వచ్చే లోటేమిటో నాకు తెలియదు.

వాలుజడ. వీపు మీదుగా కిందికి వాలే జడ కాబట్టి ఇది మన వాలే. వాలుచూపు, వాలుకుర్చీ కూడా అంతే. వాల్గంటి దగ్గర మాత్రం తొందరపడకండి. వాలు అంటే కత్తి అనే మరో మాట తెలుగులో ఉంది. తమిళంలో వాళ్, కన్నడంలో బాళ్. తమిళ ముళ్ మనకు ముల్లు అయింది, కళ్ కల్లు అయింది, అలాగే వాళ్ వాలు అయింది. కత్తిలాంటి కన్నులు గలది వాల్గంటి అంటే కవులకు అలవాటైన పోలికే. వాలుగ చేపలాంటి కన్ను అనేవారూ ఉన్నారు, మీనాక్షిని తలచుకుంటే అదీ కుదురుతుంది. పొడుగైన కన్నులని అర్థం చెప్పేవారూ ఉన్నారు. నా ఓటు కత్తికి. ఏదైనా కావచ్చు గానీ, ఇప్పటి పాటల్లోలాగా నిద్రమత్తుతో కిందికి వాలిపోతున్న కళ్లు మాత్రం కావు. తోకను చెప్పే వాలం సంస్కృతం, దాన్ని ఇందులోకి లాగకండి.

ఇక బోర్డు. వాలుదారి తప్పు కాదు, అందులో రెండు ముక్కలూ జనానికి తెలిసినవే. ర్యాంపు కూడా జనం నోట పడిపోయింది కాబట్టి దాన్ని తుడిచేయాలని పట్టుబట్టను. పైన వాలుదారి, కింద ర్యాంపు అని రాయించండి. పదేళ్ల తర్వాత ఏది నిలిస్తే అది సరైన మాట. అయితే కుర్చీ తొయ్యడానికి ఇద్దరు కావాలని రాశారే, బోర్డు కన్నా ముందు దాని సంగతి చూడాలి. ఇలాంటి దారికి అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ప్రమాణం. అరుగు రెండడుగుల ఎత్తుంటే దారి ఇరవై నాలుగు అడుగులన్నమాట. ఒక టేపు తీసుకెళ్లి కొలవండి. పొడవు తక్కువైతే ఆ మేస్త్రీనే పిలిచి వాటం సరిచేయమనండి. ‘వాటం’ అనే చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది.